తథాస్తు దేవతలకు ఇంగ్లీషు వస్తుందా?

తథాస్తు దేవతలకు ఇంగ్లీషు వస్తుందా, రాదా అనే సందేహం ఆదిశేషమ్మకు పప్పులోకి చింతపండు పిసుకుతుండగా వచ్చింది. వచ్చిన సందేహం ఊరికే పోలేదు. పప్పు మాడ్చి మరీ పోయింది.

కొడవలూరులో ఆమెను అందరూ “అయ్యో ఆదిశేషమ్మ” అంటారు. మబ్బు పడితే వరదొస్తుందని అయ్యో, మబ్బు పట్టకపోతే కరువొస్తుందని అయ్యో. మొగుడు పద్మనాభయ్య తుమ్మితే అయ్యో, తుమ్మబోయి ఆగిపోతే ఇంకా పెద్ద అయ్యో. అటువంటి తల్లికి ఒక్కగానొక్క కూతురు మస్తానమ్మ. కసుమూరు దర్గాలో మస్తానుకు మొక్కుకుంటే పుట్టిన పిల్ల. ఆ పిల్ల తిరుపతి యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎమ్మే చదువుతున్నదంటే ఇంక ఆ అయ్యోలకు అంతూ దరీ ఉంటుందా?

మొదటి ఏడాది భయాలన్నీ మామూలు భయాలే. రైలు పట్టాలు తప్పుతుందని, కోతులు పిల్ల జడ పట్టి లాగుతాయని, హాస్టలు సాంబారులో బల్లి పడుతుందని. కానీ దసరా సెలవులకు ఇంటికొచ్చిన మస్తానమ్మ తల్లి భయాన్ని కూడా పైచదువుకు పంపించింది.

“అమా, మా క్లాసోళ్ళం కలిసి నెల్లూరు టౌను హాల్లో ఇంగ్లీషు నాటకం ఆడతుండాం. నాది పెళ్ళికూతురు వేషం.”

“చదువుకోమని పంపిస్తే వేషాలెయ్యడమేందే?”

“నాటకాలు చదవడమే మా చదువు గదమా. నాటకాన్ని చదివితే చాలదు, ఆడితేనే తెలుస్తుందని మా మేష్టరు చెప్పినాడు.”

“రేపు యుద్ధం పాఠమొస్తే కత్తులిచ్చి నరుక్కోమంటాడా మీ మేష్టరు? సరే, ఆ పెళ్ళి ఎవరితో?”

“ఎవరో ఒకరు. ఆ వేషానికి ఇంకా మనిషి దొరకలా.”

ఆ “ఎవరో ఒకరు” అన్నమాట ఆదిశేషమ్మ గుండెలో చేపముల్లులా దిగింది. ఎందుకంటే ఆమె మనసులో ఆ చోటు ఖాళీగా లేదు. సంగంలో ఉన్న ఆమె అన్న చెంచురామయ్యకు ముత్యాలయ్య అని ఒక కొడుకున్నాడు. ఈ సెలవుల్లోనే ముత్యాలయ్యకూ మస్తానమ్మకూ మూడుముళ్ళు వేయించి, మిగిలిన ఏడాది చదువును అటకెక్కించాలని ఆమె వేసవి నుంచీ అనుకుంటున్నది. పిల్లేమో “ఎమ్మే అయినాక మాట్లాడుకుందాం” అని తప్పించుకుంటున్నది. ఇంతలో ఈ స్టేజీ పెళ్ళి వచ్చి పడింది.

ఆదిశేషమ్మ మాడిన పప్పుగిన్నె దించి, తిన్నగా ఎద్దుల కొట్టంలోకి నడిచింది. పద్మనాభయ్య ఎద్దుకు కుడితి పెడుతున్నాడు.

“ఏమయ్యా, తథాస్తు దేవతలకు ఇంగ్లీషు వస్తుందా?”

“ఎందుకు, వాళ్ళకేమన్నా ఉద్యోగం చూస్తుండావా?”

“నవ్వులాట కాదు. పిల్ల ఊరందరి ముందరా స్టేజీ ఎక్కి ఎవడో పేరు తెలీనోణ్ణి పెళ్ళి చేసుకుంటుండాది. పైన తిరిగే దేవతలు తథాస్తు అన్నారంటే మన గతేంది?”

“ఇంగ్లీషు నాటకం గదే. వాళ్ళకేం అర్థమవుతుంది?”

ఆదిశేషమ్మ కాసేపు ఆలోచించింది. ఆమెతో వచ్చిన చిక్కే అది. ఆలోచించకుండా భయపడితే ఒక్క భయమే, ఆలోచిస్తే నాలుగు.

“తెల్లోళ్ళు మన నెత్తిన ఎన్నేళ్ళు కూర్చున్నారు? అన్నేళ్ళు వినీ వినీ తాసిల్దారాఫీసు బంట్రోతుకే వచ్చిందే! దేవతలకు రాకుండా ఉంటుందా?”

ఈ మాటకు ఎద్దు కూడా కుడితి తాగడం మానేసి తలెత్తింది.

పక్కింట్లో రెబెక్కమ్మ ఉంటుంది. మిషను బడిలో పంతులమ్మ. ఆమె కూతురు కరుణాకుమారి కూడా మస్తానమ్మ క్లాసే. నాటకంలో పెళ్ళి చర్చిలో జరుగుతుందని విన్న ఆదిశేషమ్మ, చెయ్యి కూడా కడుక్కోకుండా గోడవతలికి వెళ్ళింది.

“అక్కా, మీ చర్చిలో పెళ్ళి ఎట్టా చేస్తారు?”

“పాట పాడతాం. ప్రార్థన చేస్తాం. ఉంగరం పెడతారు, మన పక్క తాళి కూడా కడతారు. పాదిరిగారు దీవిస్తారు.”

“హోమం? సప్తపది? అరుంధతీ నక్షత్రం?”

“అవేం లేవు.”

“అయితే ఎంతసేపు పడుతుంది?”

“పాటలు తగ్గించుకుంటే అరగంట.”

ఆదిశేషమ్మ వేళ్ళ మీద లెక్క వేసింది. మన పెళ్ళి అయితే స్టేజీ మీద ఎంత ఆడినా పూర్తి కాదు. నెయ్యి తక్కువై ఒకచోట, పురోహితుడు అలిగి ఒకచోట ఆగిపోతుంది. ఇది అరగంట పెళ్ళి. చూస్తూ చూస్తూ ఉండగానే పూర్తయిపోతుంది!

“ఆగు ఆదిశేషూ, అసలు ముఖ్యమైంది చెప్పలా నీకు” అంటున్నది రెబెక్కమ్మ. వినేవాళ్ళేరీ? ఆదిశేషమ్మ అప్పటికే గోడ దాటింది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర తీర్పు చెప్పింది.

“నువ్వు ఆ పెళ్ళికూతురు వేషం వెయ్యడానికి వీల్లేదు.”

మస్తానమ్మ ఎదురు చెప్పలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఎదురు చెప్పకుండా గుక్కెడు పాలైనా తాగని పిల్ల ఇంత సులువుగా ఒప్పుకున్నప్పుడే తల్లికి అనుమానం రావలసింది. అన్నిటికీ అనుమానపడే ఆదిశేషమ్మ సరిగ్గా అక్కడ అనుమానపడలేదు.

“సరేమా. నాటకంలో ఆడవేషాలు నాలుగుండాయి. పెళ్ళికూతురు వద్దంటే మేనత్త వేషం వేస్తా.”

“అదీ మాట! మేనత్తంటే ఎంత పెద్దరికం! ఆమె మొగుడేం చేస్తుంటాడు?”

“పోయినాడు. తెర లేచిన కాణ్ణించి నల్లగుడ్డలు కట్టుకొని ఏడస్తా ఉంటది.”

“నీ నోట్లో మన్ను...” అని ఆదిశేషమ్మ ఇంటికప్పు వైపు చూసి గతుక్కుమని, “మన్ను కాదు, చక్కెర. నీ నోట్లో చక్కెర పొయ్య! పెళ్ళికాని పిల్లవు, ఆ వేషమా?” అన్నది.

“అయితే చెల్లెలి వేషం వేస్తా. బంగారంలాంటి పిల్ల. ఎవర్నీ పల్లెత్తు మాటనదు.”

“ఊఁ, అట్టా ఉండాల.”

“రెండో అంకంలో క్షయతో చచ్చిపోద్ది.”

పద్మనాభయ్యకు మజ్జిగ పొలమారింది. ఆయన తలమీద ఒక చేత్తో తట్టుతూనే ఆదిశేషమ్మ అడిగింది.

“నాలుగోదేంది?”

“పనిమనిషి.”

“ఇంత మాగాణి ఉండి పనిమనిషి వేషమా? పోనీలే, పనిమనిషంటే ఒళ్ళు గట్టిగా ఉంటది. దానికేం రోగం రాదుగదా?”

“రోగమేం రాదు. పెళ్ళే కాదు. ముసల్ది అయిందాకా పిల్లుల్ని సాక్కుంటా ఒంటరిగా బతుకుతానని చివర్లో ఒట్టు పెట్టుకుంటది.”

ఇంక ఆదిశేషమ్మకు అన్నం దిగలేదు. ఒకటి వైధవ్యం, ఒకటి క్షయ, ఒకటి పిల్లులు. పైన చూస్తే తథాస్తు దేవతలు మూడు పూటలా డ్యూటీలో ఉన్నారు. మాపటికల్లా ఆమే వచ్చి కూతురి పక్కన కూర్చొని, గడ్డం పట్టుకొని బతిమాలింది.

“తల్లీ, ఆ పెళ్ళికూతురే వేసుకోవే.”

“నువ్వు వద్దన్నావని కరుణాకుమారికి ఇచ్చేసినానే.”

“కరుణాకుమారిని చచ్చిపొమ్మను!” అని అరిచి, మళ్ళీ పైకి చూసి రెండు చేతులూ జోడించి, “వేషంలో స్వామీ, వేషంలో. రెండో అంకంలో” అని దేవతలకు విడమరిచి చెప్పింది.

మస్తానమ్మ పుస్తకం అడ్డం పెట్టుకున్నది. చదవడానికని తల్లి అనుకుంది.

పెళ్ళికూతురు వేషం మళ్ళీ పెళ్ళికూతురి దగ్గరికే వచ్చింది. మరి పెళ్ళికొడుకు? దీపం బుడ్డి తుడుస్తూ ఉంటే ఆదిశేషమ్మ బుర్రలో దీపం వెలిగింది.

“ఆ పెళ్ళికొడుకు ఎన్ని మాటలు మాట్లాడాలే?”

“ఒకటేమా. యెస్ అనాల. ఆస్తి బాగా ఉండి, నోరు లేనోడి వేషం అది.”

ఆస్తి ఉండాలి, నోరు ఉండకూడదు. ఈ రెండూ దేవుడు కొలిచి పోసినట్లున్నది ముత్యాలయ్యకు కాక ఎవరికి? ఇంటర్లో అన్నీ ప్యాసై ఒక్క ఇంగ్లీషులోనే పోయినవాడు. ఎన్నిసార్లు రాసినా పోయినవాడు. అయినా ఒక్క యెస్‌లో ఎవడు తప్పుతాడు?

“మన ముత్యాలయ్యను పెట్టుకో. లేకపోతే నాటకమూ లేదు, తిరుపతీ లేదు.”

మస్తానమ్మ మొహం ముడుచుకుంది. తండ్రి వంక చూసింది. తండ్రి దూలం వంక చూశాడు.

“బావనా? సరేమా, నీ ఇష్టం” అని పెద్ద నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పుకు యూనివర్సిటీలో మార్కులు వేస్తే నూటికి నూరూ వచ్చేవి.

ఆదిశేషమ్మ ఎత్తు ఇది: దేవతలు ఎట్లాగూ తథాస్తు అనకుండా ఊరుకోరు. ఆ అనేదేదో కావలసినవాడి నెత్తిన అనిపిస్తే సరి. స్టేజీ మీద పాదిరి దీవిస్తాడు, కింద మనవాళ్ళు అక్షింతలు వేస్తారు, దేవతలు తథాస్తు అంటారు. ఇంక తాళి ఒక్కటే బాకీ. “దేవతల ముందు జరిగిపోయింది, ఇప్పుడు కాదంటే కళ్ళు పోతాయి” అని వారం తిరక్కుండా ఆ ముచ్చటా తీర్చెయ్యవచ్చు.

మర్నాడే బస్సెక్కి సంగం పోయింది. అన్న చెంచురామయ్య అరుగు మీద కూర్చొని అంతా విన్నాడు. విని చెవి గోక్కున్నాడు.

“అయితే అమ్మాయ్, నాటకంలో జరిగింది జరిగినట్టేనంటావా?”

“జరిగినట్టే అన్నా. నోటిమాట నోటిమాటే. తెలుగైతే ఏంది, ఇంగ్లీషైతే ఏంది?”

“ఆడ ఏది జరిగితే అది ఖాయం. అంతే గదా? రేపు మళ్ళీ మాట మార్చవు గదా?”

“కసుమూరు మస్తాను సాక్షిగా మార్చను.”

ఆమె వదిన నాగులమ్మ లోపల్నుంచి ఇదంతా వింటూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సంతోషం పట్టలేక కాబోలుననుకుంది ఆదిశేషమ్మ.

ముత్యాలయ్య వేషం కోటు తొడిగి చూపించాడు. నల్ల కోటు. కొలతలు తీసి కుట్టినట్టు భుజాల దగ్గర ఒక ముడత లేదు.

“ఎవరిదిరా అబ్బయ్యా ఈ కోటు?”

“నాటకం కోటత్తా. నాకు సరిపోయింది” అని ముత్యాలయ్య బిత్తరచూపులు చూశాడు.

దైవసంకల్పం అనుకున్నది ఆదిశేషమ్మ. ఇంకా పిలవని పేరంటానికి దైవం అంత ముందుగా దర్జీని కూడా పంపిస్తుందా అని ఆమెకు తోచలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి నాటకం. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇళ్ళకు చేరాలని ఆ వేళ పెట్టారు. చర్చి సీను వచ్చేసరికి గోధూళి వేళవుతుందని రెబెక్కమ్మను అడిగి తెలుసుకొని ఆదిశేషమ్మ పొంగిపోయింది. గోధూళి లగ్నానికి పంచాంగమే చూడనక్కర్లేదు!

కొడవలూరు నుంచీ సంగం నుంచీ చుట్టాలు పట్టుచీరల్లో దిగారు. మూడు వరుసల కుర్చీలు వాళ్ళే నింపేశారు. ప్రతి ఆడమనిషి కొంగులోనూ గుప్పెడు పసుపు బియ్యం. అదీ చాలక నాదస్వరం హజరత్తయ్యను డోలుతో సహా పిలిపించింది. గుమ్మం దగ్గర టిక్కెట్లు చించే కుర్రవాడు అడ్డుపడ్డాడు.

“ఇంగ్లీషు నాటకానికి నాదస్వరమేందమ్మా?”

“ఇంగ్లీషోళ్ళ పెళ్ళి మూగగా జరుగుతుందా నాయనా? ఆగబాకండయ్యా, రండి లోపలికి” అని అతన్ని పక్కకు నెట్టి, హజరత్తయ్యకు చివరి ఆదేశం ఇచ్చింది. “అక్షింతలు ఎగరడం కనబడితే చాలు, గట్టిమేళం. తుమ్మొచ్చినా దగ్గొచ్చినా ఒక్క చెడ్డమాట కూడా దేవతల చెవిన పడకూడదు.”

“చెప్పినావు గదమ్మా, చూసుకుంటా” అని హజరత్తయ్య సన్నాయి ఒళ్ళో పెట్టుకొని మొదటి అంకంలోనే కునుకు తీశాడు.

నాటకం మొదలైంది. ఆదిశేషమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మేనత్త ఏడ్చింది. పనిమనిషి కాఫీ తెచ్చింది. కరుణాకుమారి రెండో అంకంలో ఎంత బాగా దగ్గి చచ్చిపోయిందంటే, పక్కనే కూర్చున్న రెబెక్కమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆదిశేషమ్మకు మాత్రం మనసు తేలికపడింది. ఆ గండం ఎవరి పిల్లకో గడిచిపోయింది.

చర్చి సీను వచ్చింది. పాదిరి వేషం వేసిన క్లాసు కుర్రాడు క్రీస్తురాజు పొడుగాటి అంగీలో నిలబడ్డాడు. ఒక పక్క తెల్ల మేలిముసుగులో మస్తానమ్మ. ఇంకో పక్క కోటులో ముత్యాలయ్య, వానలో తడిసిన కోడిలాగా.

క్రీస్తురాజు ప్రార్థన మొదలెట్టడానికి చెయ్యెత్తాడు. అంతే. మన పక్క చెయ్యెత్తితే దీవెనే. వదిన నాగులమ్మ గుప్పిట విప్పింది. ఆమె విప్పడం చూసి మూడు వరుసలూ విప్పాయి. పసుపు బియ్యం వడగళ్ళలా పాదిరి మీద కురిసింది. కునుకులో ఉన్న హజరత్తయ్య ముక్కు మీద నాలుగు గింజలు పడ్డాయి. ఉలిక్కిపడి లేచి సన్నాయి నోట్లో పెట్టాడు. గట్టిమేళం!

టౌను హాలు పైకప్పు అదిరింది. పావురాలు లేచిపోయాయి. ముందు వరుసలో కూర్చున్న కాలేజీ పెద్దమనుషులు ఇది నాటకంలో భాగమేమో, తెలీదంటే చిన్నతనమేమోనని గంభీరంగా తలలూపారు. అన్నిటికన్నా ఘోరం ముత్యాలయ్యది. గట్టిమేళం చెవిన పడగానే పీటల మీద పెళ్ళికొడుకులాగా చటుక్కున కింద మఠం వేసుకు కూర్చున్నాడు. పాదిరి వంగి కోటు కాలరు పట్టుకొని లేవదీశాడు.

మస్తానమ్మ మాత్రం కదల్లేదు. చేతిలో పూలు పట్టుకొని, పంతులమ్మ పిల్లల అల్లరి తగ్గేదాకా నిలబడ్డట్టు నిలబడింది. ఎంత ఊపిరున్నా ఏదో ఒకచోట అయిపోవాలిగదా. హజరత్తయ్యకు అయిపోయింది. టిక్కెట్ల కుర్రవాడు వచ్చి ఆయన్ను నాలుగు మాటలన్నాడు. ఆయన కోపంగా సన్నాయిని గలీబు సంచిలో పెట్టి మూతి బిగించి కట్టాడు.

హాలంతా సద్దుమణిగింది. పాదిరి ముత్యాలయ్యను ఏదో అడగబోయాడు.

“యెస్!” అన్నాడు ముత్యాలయ్య, ప్రశ్న సగంలో ఉండగానే.

ఆదిశేషమ్మ కళ్ళు చెమర్చాయి. ఇంగ్లీషులో తప్పాడన్న వాడెవడు?

అప్పుడు పాదిరి మస్తానమ్మ వైపు తిరిగాడు. మళ్ళీ ఏదో అడిగాడు.

“ఇదేందక్కా, పిల్లనేమో అడగతుండాడు?” అన్నది ఆదిశేషమ్మ, రెబెక్కమ్మ చెవిలో.

“ఈ అబ్బయ్యను కట్టుకోవడం నీకిష్టమేనా అని.”

“ఇష్టమేంది? పెళ్ళికూతుర్నా? పీటలదాకా వచ్చినాక అడగడమేంది?”

“మాలో అడుగుతారు. నీకు ఆ రోజు చెప్పబోయిన ముఖ్యమైన సంగతి ఇదే. గోడ దూకి పోతివి.”

“అడిగితే?”

“ఔనంటే ఔను. కాదంటే కాదు. ఆమె నోరు తెరిస్తే గాని పెళ్ళి జరగదు.”

ఆదిశేషమ్మకు కళ్ళ ముందు ఆమె చూసిన పెళ్ళిళ్ళన్నీ తిరిగాయి. బియ్యం ఎంత నానబెట్టాలో అడిగిన పెళ్ళిళ్ళు, విడిదింట్లో మంచాలు చాలినాయా అని అడిగిన పెళ్ళిళ్ళు. ఆడపిల్లను అడిగిన పెళ్ళి ఒక్కటీ గుర్తుకు రాలేదు. అందుకే నాటకం కథ చివర ఏమవుతుందని కూతుర్ని అడగాలని ఆమెకు తోచనే లేదు. పెళ్ళిపందిట్లోకి వచ్చాక కథలో ఇంకేముంటుంది?

“హజరత్తయ్యా! గట్టిమేళం! గట్టిమేళం!” అని గుసగుసగా అరిచింది. హజరత్తయ్య గలీబు మూతి మీద రెండు చేతులూ పెట్టుకొని అడ్డంగా తలూపాడు.

మస్తానమ్మ మేలిముసుగు వెనక్కి తీసింది.

“నో” అన్నది.

ఆ మాటకు అర్థం తెలియని వాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు. మూడు వరుసల పట్టుచీరలూ ఒక్కసారి ఆదిశేషమ్మ వైపు తిరిగాయి. రెండో వరుస నుంచి చెంచురామయ్య లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకొని అన్నాడు.

“తథాస్తు!”

హాలు గొల్లుమంది. ఆ నవ్వు తగ్గాక మస్తానమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. అంతా ఇంగ్లీషే. ఆదిశేషమ్మకు ఒక్క మాట తెలియలేదు. కానీ ఆ గొంతు ఆమె ఎరిగిన గొంతు కాదు. ఇంట్లో “అమా, మజ్జిగ” అని అడిగే గొంతు కాదు. హాలు చివర గోడ దాకా వెళ్ళి, అక్కడ నిలబడ్డవాళ్ళను కూడా ముందుకు వంగి వినేట్టు చేస్తున్న గొంతు. ముందు వరుస పెద్దమనుషులు నవ్వడం మరిచిపోయి చూస్తున్నారు. నా కడుపున పుట్టిందేనా ఇది అనుకున్నది ఆదిశేషమ్మ. చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది తానేనని చేతులు మండాక తెలిసింది.

చేతులు మండాక కోపం కూడా గుర్తొచ్చింది.

వసారాలోకి రాగానే కూతుర్ని పట్టుకుంది.

“ఎంతపని చేస్తివే! మీ మామ ముందర, అందరి ముందర వద్దంటివే!”

“నాటకంలో అట్టానే ఉందమా. నేను రాసిందా?”

“నాటకం నాటకమే. అది లెక్కలోకి రాదు!” అన్నది ఆదిశేషమ్మ.

చెంచురామయ్య వెనకనుంచి చెవి గోక్కుంటూ వచ్చాడు.

“అదేంది అమ్మాయ్? ఆడ ఏది జరిగితే అది ఖాయమంటివే. మస్తాను సాక్షి అంటివే. నేను తథాస్తు కూడా అనేస్తినే!”

“అంటే, అన్నా...”

“నీతో ఎట్టా చెప్పాల్నో తెలీక నెల్లాళ్ళనించి కొట్టుకుంటుండాం. ముత్యాలయ్యకు బుచ్చిలో సంబంధం కుదిరింది. పిల్ల వీడికి నచ్చింది. నువ్వు బాధపడతావని నోరు పెగల్లా. ఇప్పుడింక దేవతలే తేల్చేసినారు.”

ఆదిశేషమ్మ మేనల్లుడి వైపు తిరిగింది.

“మరి నువ్వు యెస్ అంటివే నాయనా?”

“వేషంలో అత్తా, వేషంలో” అన్నాడు ముత్యాలయ్య. ఈ వేషం కోసమే నెల కిందట సంగంలో దర్జీ చేత కుట్టించుకున్న కోటు బొత్తాలు విప్పుకుంటూ.

వదిన నాగులమ్మ కొంగు మళ్ళీ నోటికి వెళ్ళింది. ఈసారి ఆ కొంగు వెనక ఏమున్నదో ఆదిశేషమ్మకు బాగానే తెలిసింది. మెల్లగా మొగుడి వంక చూసింది. పద్మనాభయ్య టౌను హాలు దూలాలు లెక్కపెడుతున్నాడు.

“మీకు కూడా ముందే తెలుసా?”

“పిల్ల నాటకమంతా చెప్పింది. నువ్వు అడిగుంటే నీకూ చెప్పేది.”

“అమా” అన్నది మస్తానమ్మ నెమ్మదిగా. “నాటకంలో జరిగింది లెక్కలోకి వస్తదంటే, బావ సంగతి తేలిపోయింది, నేను తిరుపతి పోయి చదువుకుంటా. లెక్కలోకి రాదంటే, ఇంక నీకు భయమే లేదు. తిరుపతి పోయి చదువుకోవచ్చు, ఇంకో నాలుగు నాటకాలు కూడా ఆడొచ్చు. ఏదంటావు?”

ఆదిశేషమ్మ నోరు తెరిచింది. ఎటు తిరిగినా తిరుపతే కనబడింది.

“ఎమ్మే అంటే ఇదా నేర్పిస్తారు?” అని మాత్రం గొణిగింది. “ఎప్పుడు బయల్దేరాల?”

మర్నాడు పొద్దున ఆదిశేషమ్మ చేటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఏరిన గింజలే మళ్ళీ ఏరుతున్నది. పద్మనాభయ్య కాఫీ గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“ఇంకా కోపం పోలేదా?”

“కోపం కాదు. మనలో ఎందుకు అడగరయ్యా?”

“ఎవర్ని?”

“పెళ్ళికూతుర్ని. మన పెళ్ళినాడు వంకాయలు లేతవేనా అని మా నాయన వంటోణ్ణి పదిసార్లు అడిగినాడు. నన్ను ఎవరూ ఒక్కసారన్నా అడగలా.”

పద్మనాభయ్యకు హుషారు పుట్టింది. గ్లాసు గట్టు మీద పెట్టాడు. కండువా మెడకు రెండువైపులా వేలాడేసుకున్నాడు. క్రీస్తురాజు లాగా పెద్దరికంగా చెయ్యెత్తాడు.

“అయితే నేనడుగుతుండా విను. ఓ ఆదిశేషమ్మా! ఈ పద్మనాభయ్యను కట్టుకోవడం నీకిష్టమేనా?”

సిగ్గుపడుతుందనుకున్నాడు. కసురుకున్నా సరేననుకున్నాడు. ఆదిశేషమ్మ ఆ రెండూ చెయ్యలేదు. చేట పక్కన పెట్టింది. చేతులు దులుపుకుంది. మొగుణ్ణి తల నుంచి మొదలుపెట్టి, నస్యం అంటిన మీసం, బొత్తాలు పట్టని పొట్ట, అన్నీ ఒకటొకటిగా చూసుకుంటూ పాదాల దాకా వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

కాఫీ మీద మీగడ కట్టింది.

“ఏందే, అంతసేపు ఆలోచన?” అన్నాడు పద్మనాభయ్య.

“తొందరపెట్టబాకండి” అన్నది ఆదిశేషమ్మ. “ఇన్నేళ్ళకు అడిగినారు. ఆలోచించుకోనీండి.”

పద్మనాభయ్య, ఎత్తిన చెయ్యి దించవచ్చునో లేదో తెలియక, అట్లాగే నిలబడి ఉన్నాడు.